ఇస్త్రీ గదిలో విన్న పాటల కోసం బెంగుళూరుకు

రాజోలు బస్టాండు

"గుడికా అండీ, ఆస్పత్రికా?"

రాజోలు బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ అడిగారు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, పాలకొల్లు బస్సు కోసం పదిసార్లు లేచి చూస్తున్న నలభై ఏడేళ్ళ ఆడమనిషిని ఎవరైనా అదే అడుగుతారు.

"బెంగుళూరులో పాటల ప్రోగ్రాం ఉందండీ. దానికెళ్తన్నాను."

"భక్తి పాటలా అండీ?"

"కాదండీ, అమెరికా వాళ్ళు. గిటార్లేసుకుని గెంతుతా పాడతారు."

"ఆయ్" అన్నారావిడ. అని, తన సంచీని కాస్త దగ్గరికి లాక్కున్నారు.

ఆవిడకు చెప్పనిది ఇక్కడ చెబుతాను. నా పేరు సత్యవతి. రాజోలులో మాకు చీరల రోలింగు, ఇస్త్రీ కొట్టు ఉంది. పుట్టింది అంతర్వేది దగ్గర, సముద్రం మీద చేపల వేటకెళ్ళే వాళ్ళింట్లో. పెళ్ళయిన కొన్నేళ్ళకు కువైట్ వెళ్ళి ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో పనిచేశాను. ఆ ఇంటి ఆఖరి పిల్ల పేరు దానా. నేను వెళ్ళేసరికి తనకు తొమ్మిదేళ్ళు, తిరిగొచ్చేసేసరికి పదిహేడు.

దానా గది పక్కనే ఇస్త్రీ గది. పన్నెండో ఏట తనకు ఒక బ్యాండు పిచ్చి పట్టుకుంది. వాళ్ళ పేరు థర్డ్ షిఫ్ట్ సమ్మర్. అలాంటి పాటలను పాప్ పంక్ అంటారని తనే చెప్పింది. పాట మూడు నిమిషాలు దాటదు. డ్రమ్ములు పరిగెడుతుంటాయి, వాటిని పట్టుకోవాలని గొంతు పరిగెడుతుంది. అన్నిట్లోనూ కోపమే. అమ్మానాన్నల మీద, ఊరి మీద, వదిలేసిపోయిన పిల్ల మీద. మొదటి రెండేళ్ళూ నాకు తలనొప్పి తప్ప ఏమీ తెలిసేది కాదు. తర్వాత ఇస్త్రీపెట్టె ఆ దరువుకే నడవడం మొదలుపెట్టింది. ఒక్క మాటకు అర్థం తెలియకుండా పాటలన్నీ నోటికొచ్చేశాయి. ఒక పాట పల్లవి నా చెవికి అచ్చం "గోరింటాకేయ్, గోరింటాకేయ్" అన్నట్టు వినిపించేది. గోరింటాకంటే ఏమిటో చెప్పి ఆ మాట చెబితే దానా మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది. అప్పట్నుంచి ఇద్దరం అలాగే పాడేవాళ్ళం.

తన పదహారో ఏట ఆ బ్యాండు దుబాయ్ వచ్చింది. పెద్ద కజిన్ ఒకామె తీసుకెళ్తానందట. ఇంట్లో చెప్పకుండా వెళ్ళాలని దానా ప్లాను. మేడం బీరువాలో బట్టలు సర్దేది నేనే కాబట్టి, లోపలి సొరుగులోంచి తన పాస్‌పోర్టు తీసిమ్మని అడిగింది. నేను తీసివ్వకపోగా, వాళ్ళమ్మకు చెప్పేశాను. సీడీలన్నీ చెత్తలోకి పోయాయి. గిటారు ఎవరికో ఇచ్చేశారు. ఆ తర్వాత నేను ఆ ఇంట్లో పదకొండు నెలలున్నాను, దానా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను ఎయిర్‌పోర్టుకు బయల్దేరిన రోజు గదిలోంచి బయటికే రాలేదు.

పదమూడేళ్ళ తర్వాత, మొన్న వేసవిలో, ఫోనులో మెసేజ్ వచ్చింది, ఇంగ్లీషు అక్షరాల్లో అరబ్బీ మాటలు. "సత్యా, నేను దానాని. వాళ్ళు బెంగుళూరు వస్తున్నారు. నీకూ టికెట్టు తీశాను. వస్తావా?"

మూడు రోజులు జవాబివ్వలేదు. నాలుగో రోజు మా ఆయనే అన్నాడు. "ఏటలా ఇంట్లోకీ కొట్లోకీ తిరుగుతావు? ఎల్లి రా. అప్పుడు నువ్వు చేసింది మంచి పనే. పదహారేళ్ళ పిల్ల దేశం దాటెళ్ళిపోతానంటే ఎవరూరుకుంటారు? సంజాయిషీలేం చెప్పక్కర్లేదు. పాటలు వినేసొచ్చెయ్."

మంచి పనే చేశావని మా అక్క కూడా అంది. విన్నవాళ్ళందరూ అన్నారు. వాళ్ళకు తెలిసింది సగమే.

భీమవరం దాటాక

చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు, అక్కణ్ణించి భీమవరం వెళ్ళి రైలెక్కాను. ఎదురు సీట్లో అంబాజీపేట కొబ్బరికాయల వ్యాపారి సూర్నారాయణగారు. బెంగుళూరుకు నెలకోసారి వెళ్తారట. నేను కిటికీ దగ్గర కూర్చుంటాను, తలుపు దాకా వెళ్ళొస్తాను, బ్యాగు తెరిచి మళ్ళీ సర్దుతాను. ఆయన కాసేపు చూసి, "మొదటిసారా అండీ?" అన్నారు.

"ఎనిమిదేళ్ళు కువైట్‌లో ఉన్నానండీ."

"మరి రైలుకే ఇంత కంగారు పడతారేంటండీ? సరే, ఒకమాట. మన దగ్గర పాతిక్కో ముప్పయ్యికో కొట్టే బొండం అక్కడ డెబ్భై. తాగకండి. నీళ్ళు గొంతు దిగవు, బాధేస్తాది."

ఆయన ఇచ్చిన సలహా అదొక్కటే. దానికి నేను కట్టుబడలేదు. రెండో రోజే తాగాను. నిజంగానే బాధేసింది.

హోటలు గది

బెంగుళూరు కంటోన్మెంట్ స్టేషన్లో దిగేసరికి దానా ప్లాట్‌ఫారం మీదే ఉంది. నాకంటే జానెడు పొడుగు. జుట్టు చెవుల దాకా కత్తిరించేసుకుంది. నల్ల టీషర్టు మీద ఆ బ్యాండు పేరు. ఇప్పుడు కువైట్‌లోనే పళ్ళ డాక్టరట, పెళ్ళయిందట. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అక్కడ మాత్రం తను నా బ్యాగు పట్టుకుంది, నేను వదల్లేదు. పదమూడేళ్ళ తర్వాత కలిసిన ఇద్దరం చెరో పక్కనుంచీ ఒక బ్యాగును లాక్కుంటూ నిలబడ్డాం. కూలీ ఒకతను మా ఇద్దర్నీ దాటుకుంటూ నవ్వుకుంటూ పోయాడు.

మేం మాట్లాడుకునేది నా వంటింటి అరబ్బీలోనే. పదమూడేళ్ళకు సగం మాటలు తుప్పు పట్టాయి. మిగతావి చేతులతో చెప్పాను.

గది ఒకటే, మంచాలు రెండు. కువైట్‌లో నా పడక బట్టల మిషను పక్కన. యజమాని కూతురి పక్క మంచం మీద ఎలా పడుకోవాలో నా ఒంటికి తెలియలేదు. తను తాగిన కప్పు కడిగేశాను. దుప్పటి సర్దాను. తలుపుకు తగిలించిన తన చొక్కా నలిగి ఉంటే, హోటలు వాళ్ళ దగ్గర ఇస్త్రీపెట్టె దొరుకుతుందా అని అడిగాను.

"సత్యా, కూర్చో."

"కూర్చునే ఉన్నాను."

"లేదు. నిలబడి ఉన్నావు."

చూసుకుంటే నిజంగానే నిలబడి ఉన్నాను.

ఆ సాయంత్రమూ, మర్నాడు పొద్దున్నా ఊళ్ళో తిరిగాం. బెంగుళూరులో టిఫిన్లు నిలబడి తింటారు. నాకది సుఖంగా ఉంది, ఎలాగూ కూర్చోలేకపోతున్నాను కదా. పళ్ళెమంత వెడల్పున్న తట్టె ఇడ్లీ బాగుంది. సాంబారులో బెల్లం వేస్తారు. మా ఇంట్లో అలా చేస్తే ఎవరికో జ్వరం తగిలి నోరు చెడిందనుకుంటారు. కాఫీ మాత్రం మనం వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి. దానా ఆసుపత్రి గురించి, ట్రాఫిక్కు గురించి, ఇడ్లీ గురించి మాట్లాడింది. దుబాయ్ ఊసు తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎప్పుడెత్తుతుందా అని నేను ప్రతి ముద్దకూ తన మొహంలోకి చూస్తూనే ఉన్నాను.

గేటు దగ్గర

కచేరీ ఊరి అంచున, పెద్ద మైదానంలో. ఆరింటికే వరస కిలోమీటరు పొడుగుంది. అంతా పాతికేళ్ళ వాళ్ళే ఉంటారనుకున్నాను. మా ముందున్నాయనకు బట్టతల, చేతిలో చంటిపిల్ల, ఆ పిల్ల చెవులకు పెద్ద పెద్ద మూతలు. మా వెనక ఇద్దరాడవాళ్ళు నా ఈడువాళ్ళే, మోకాళ్ళ నొప్పికి ఏ నూనె మంచిదో ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారట, దానా చెప్పింది.

గేటు దగ్గర తనిఖీ చేసే ఆమె నా సంచీలోంచి స్టీలు డబ్బా తీసింది. అందులో ఆత్రేయపురం పూతరేకులు. మా ఊరివాళ్ళెవరైనా కువైట్‌కు తెచ్చిస్తే, చిన్నప్పుడు దానా వాటిని చుట్టిన కాగితంతో సహా నమిలేసేది. హోటల్లో ఇద్దామనుకున్నాను. ఇచ్చేందుకు ధైర్యం చాలక సంచీలోనే ఉంచేశాను.

"ఏందక్కా ఇది?" అందామె. మదనపల్లె మనిషట. "బయట తిండి లోపలికి ఇడ్సేకి లేదు. పడెయ్యాల."

"పడెయ్యకమ్మా, నేతివి. నువ్వు తిను. మీవాళ్ళకీ పెట్టు."

దానాకు తెలుగు మాట్లాడ్డం రాదు. డబ్బా మాత్రం గుర్తుపట్టింది. వరస ఆపేసి, అక్కడే నిలబడి ఒకటి నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత గేటు కాసే నలుగురు ఆడవాళ్ళూ, దానా, నేనూ, చంటిపిల్లాయనా కలిసి డబ్బా ఖాళీ చేశాం. వెనకవాళ్ళు అరిచారు. దానా నల్ల టీషర్టు నిండా పంచదార పొడి. ఖాళీ డబ్బా కూడా లోపలికి తీసుకెళ్ళకూడదట, అది మదనపల్లె ఆమెకే ఇచ్చేశాను. లోపల మంచినీళ్ళ సీసా వంద రూపాయలు.

మైదానంలో

దానా గదిలో పోస్టరు నాకు బాగా గుర్తు. నలుగురు సన్నటి కుర్రాళ్ళు, నిలబెట్టిన జుట్టు. స్టేజి మీదికి నలుగురు పెద్దవాళ్ళొచ్చారు. పాడే ఆయనకు పొట్ట, నెత్తిన టోపీ. ఒకాయన మోకాలికి పట్టీ కట్టుకుని గిటారు వాయిస్తున్నాడు.

"ఆ కుర్రాళ్ళు ఎప్పుడొస్తారు?" అని దానా చెవిలో అరిచాను.

"వాళ్ళే సత్యా!"

మొదటి పాటకే నేల అదిరింది. నా పక్కటెముకల్లో డ్రమ్ములు మోగాయి. అంతర్వేది తీర్థంలో రథం కదిలినప్పుడు జనం ఎలా ఒక్కసారి ముందుకు పడతారో, అలా పడ్డారు. నా కుడికాలి చెప్పు ఎటో పోయింది. కాస్త ముందు కుర్రాళ్ళు గుండ్రంగా చోటు చేసుకుని, కావాలని ఒకర్నొకరు గుద్దుకుంటున్నారు. కొట్లాటనుకుని భయపడ్డాను. ఇంతలో ఒకడు కిందపడ్డాడు. గుద్దుకునే వాళ్ళంతా టక్కున ఆగి, చేతులు వేసి లేపి, కళ్ళజోడు వెతికి పెట్టి, మళ్ళీ గుద్దుకోవడం మొదలుపెట్టారు. మన తీర్థాల్లో ఇంత మర్యాద చూడలేదు.

మూడు పాటలకే పాడే ఆయనకు ఆయాసం వచ్చింది. నీళ్ళు తాగి ఏదో అంటే జనం గొల్లున నవ్వారు. ఈ పాట రాసినప్పుడు వాళ్ళ నాన్నను తిట్టుకుంటూ రాశాడట, ఇప్పుడు కూతురు అదే పాట తన గది తలుపు వేసుకుని పాడుతోందట. దానా చెప్పి నవ్వింది. ఆ వెంటనే మా పాట మొదలైంది. ఇద్దరం ఒకర్నొకరం చూసుకోకుండానే "గోరింటాకేయ్!" అని అరిచాం. చుట్టూ వేలమంది ఇంగ్లీషులో పాడుతుంటే మేమిద్దరమే తెలుగులో పాడాం. పదకొండు నెలలు ఆ ఇంట్లో పాట లేకుండా ఇస్త్రీ చేశాను. ఎంత కష్టంగా గడిచిందో నాకు అప్పుడు తెలిసింది, అరుస్తుంటే.

చివరికి వాళ్ళు చేతులూపి లోపలికెళ్ళారు. మళ్ళీ వస్తారు, పిలిపించుకోవడం వీళ్ళకు ఆనవాయితీ అంది దానా. ఆ రెండు నిమిషాల సందులో, ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

"దానా, ఆ రోజు నేను బీరువా తెరిచాను. సొరుగు కూడా. నీ పాస్‌పోర్టు పక్కనే నాదీ ఉంది."

తను నావైపు తిరిగింది.

"నేను దిగిన రోజే మీ అమ్మ తీసేసుకుంది, నాదెక్కడుందో నాకెవరూ చెప్పలేదు. ఆ ఏడేళ్ళలో ఒక్కసారే మీ అమ్మ తీసిచ్చింది, అప్పుడే ఇంటికెళ్ళడం. మా చెల్లి పెళ్ళికి పంపలేదు. ఆ రోజు ఒక చేతిలో నీది, ఒక చేతిలో నాది పట్టుకుని నిలబడ్డాను. నీది తీస్తే, నాది ఎక్కడుందో నేను చూసేశానని మీ అమ్మకు తెలిసిపోతుంది. అప్పుడు నన్నేం చేస్తారోనని భయపడ్డాను. రెండూ పెట్టేసి, వెళ్ళి నిన్ను పట్టించేశాను. అందరూ నీ మంచి కోసం చేశాననుకుంటారు. కాదు. నా కోసం చేశాను."

"నీది కూడా అందులో ఉందా?" అంది దానా.

అంతే. వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఇంకో మూడు పాటలు పాడారు. దానా ఒక్కదానికీ పెదవి కదపలేదు. చేతులు జేబుల్లో పెట్టుకుని స్టేజి వైపు చూస్తూ నిలబడింది. నేను ఒంటి చెప్పుతో పక్కన నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్న

చెప్పకుండా ఉండాల్సిందనిపించింది. గోరింటాకు పాట దగ్గర ఆపేసి ఉంటే ఎంత బాగుండేది. దానా కాఫీ తెప్పించింది, తాగలేదు. ఫోను తీసి, పెట్టేసి, కిటికీ దగ్గరకెళ్ళి, మళ్ళీ ఫోను తీసింది. ఈసారి కుదురు లేనిది తనకు. నేను కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. స్టేషనుకెళ్ళే దార్లో ఆటో ఆపించి, నన్నడక్కుండానే చెప్పుల కొట్లోకి తీసుకెళ్ళింది. "సైజెంత?" అనడిగింది.

కంటోన్మెంట్ నుంచి కృష్ణరాజపురం దాకా

బ్యాగు ఈసారి తనకే వదిలేశాను. సీటు కింద పెట్టడానికి తను నాతోపాటు బోగీలోకి ఎక్కింది. సీటు కింద అప్పటికే ఎవరిదో బియ్యం మూట ఉంది. దాన్ని జరిపి, బ్యాగు దూర్చి లేచేసరికి ప్లాట్‌ఫారం వెనక్కి జరుగుతోంది.

"దిగు, దిగు!" అన్నాను. తలుపు దాకా పరిగెత్తింది. బండి అప్పటికే జోరందుకుంది.

"దూకొద్దమ్మా!" అని అరిచారు మూట తాలూకు మనిషి, తణుకు ఆవిడ, కాంతమ్మగారు. "పర్లేదు, తర్వాత కృష్ణరాజపురం. ఇరవై నిమిషాలు. అక్కడ దిగిపోవచ్చు. కూర్చోబెట్టండమ్మా ఆ పిల్లని."

దానా నా పక్కన కూర్చుంది. రొప్పు తగ్గాక ఫోను తీసి, ఈసారి పెట్టెయ్యకుండా వాళ్ళమ్మకు చేసింది. అరబ్బీ గబగబా పోయింది. నాకు అందినవి "సత్యా", "పాస్‌పోర్టు", రెండుసార్లు "ఎందుకు?" అవతలి జవాబు బయటికి వినిపించింది. "అందరూ అలాగే పెట్టుకునేవారు." తర్వాత దానా ఫోను నా చేతిలో పెట్టింది.

మేడం గొంతు సన్నబడిపోయింది. "సత్యా! బాగున్నావా? నీ తర్వాత వచ్చినవాళ్ళెవ్వరికీ చొక్కాలకు గంజి పెట్టడం కుదర్లేదు, తెలుసా?"

ఒకప్పుడైతే ఆ మాటకు పొంగిపోయేదాన్ని.

"బాగున్నాను మేడం. ఒకటడగాలి. నా పాస్‌పోర్టు నేనడిగితే ఇచ్చేవారా?"

"నువ్వడగలేదుగా."

"అడగలేదు మేడం. అడిగితే ఇచ్చేవారా?"

అవతల టీవీ మోత ఒక్కటే వినిపిస్తోంది. కిటికీలోంచి ఎర్రటి పెంకుటిళ్ళు, ఒక చెరువు, బట్టలారేసిన డాబాలు వెళ్ళిపోయాయి.

"ఉంటాను మేడం" అని, ఫోను నేనే పెట్టేశాను. ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ ముందు పెట్టేసేది ఆవిడే.

బోగీ అంతా మా వైపే చూస్తోంది. దానా కళ్ళు తుడుచుకోలేదు, వాటిని అలాగే వదిలేసింది.

"నేను కూడా అడగలేదు సత్యా. నువ్వు ఇంటికెందుకు వెళ్ళవని ఒక్కసారీ అడగలేదు. ఒక్క కచేరీ పోయిందని పదమూడేళ్ళు నీమీద కోపం పెట్టుకున్నాను."

"చిన్నపిల్లవి."

"నువ్వెళ్ళేసరికి పదిహేడేళ్ళు." కిందికి చూస్తూ అంది. "మా ఇంట్లో ఒక నేపాల్ అమ్మాయి పనిచేస్తోంది. మాయ. రెండేళ్ళయింది. తన పాస్‌పోర్టు ఎక్కడుందో నాకు తెలియదు. మా ఆయనకు తెలిసుండాలి."

స్టేషను వస్తోందేమోనని కిటికీలోంచి చూశాను.

బండి నెమ్మదించింది. కాంతమ్మగారు, "ఇదేనమ్మా, దిగిపో, రెండు నిమిషాలే ఆగుతాది" అన్నారు. దానా లేచి, తలుపు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. అరచేతుల మీద పాత ఇస్త్రీ వాతలు ఉన్నాయి. వాటిని చూసింది. బయట విజిల్ వేశారు, దిగిపోయింది.

ప్లాట్‌ఫారం దాటేదాకా కాంతమ్మగారు ఓపిక పట్టారు. ఆ తర్వాత ఆగలేదు. "ఎవరమ్మా ఆ అమ్మాయి? మన పిల్లలా లేదు. చుట్టమా?"

యజమాని కూతురనాలా, నేను పెంచిన పిల్లనాలా?

"చుట్టం కాదండీ. ఇద్దరం కలిసి పాటలు వినేవాళ్ళం" అన్నాను.

ఇంటికొచ్చాక

బెంగుళూరు ఎలా ఉందని కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతున్నారు. తట్టె ఇడ్లీ గురించి, బొండం ధర గురించి చెబుతున్నాను. మా ఆయనకు మాత్రం, ఎన్నడూ చెప్పని ఆ సగం కూడా చెప్పాను. ఆయన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "ఇన్నాళ్ళూ నాక్కూడా చెప్పలేదేటి?" అన్నాడు. నువ్వడగలేదుగా అని నోటిదాకా వచ్చింది. అనలేదు.

ఇరవై రోజుల పాటు దానా దగ్గర్నుంచి కబురు లేదు. ఫోను మోగినప్పుడల్లా ఇస్త్రీ ఆపేసి చూసేదాన్ని. ఒక చీర అంచు మాడింది కూడా. నిన్న పొద్దున్న మెసేజ్ వచ్చింది.

"పాస్‌పోర్టు మాయ చేతికిచ్చాను. నాలుగు రోజులు దిండు కింద పెట్టుకుని పడుకుంది. తర్వాత ఇంటికెళ్తానంది. వచ్చే నెల విమానం. తిరిగొస్తావా అని అడగాలనిపించింది. అడగలేదు."

"మంచి పని చేశావు" అని రాసి పంపాను. అందరూ నాతో అన్న మాటే అది, ఈసారి రాసేటప్పుడు నా వేలు ఆగలేదు.